తోడు లేని ఇల్లు

బళ్ళో పిల్లల కష్టసుఖాలు కనుక్కోవడానికి కొత్తగా వేసిన కౌన్సిలర్ టీచర్ గురువారం పొద్దున్న పెట్టుకున్న పని చిన్నదే. పిల్లలు మనసులో మాట రాసి వేసే మనసు పెట్టె తెరవాలి, చీటీలు చదవాలి, శనివారంలోగా తనవల్ల ఒక్క పిల్లకైనా మేలు జరిగిందని హెచ్చెమ్ మేడంకి చూపించాలి. లేకపోతే ఆమె గది మళ్ళీ ఆటసామాన్ల గది అయిపోతుంది. ఉద్యోగం సంగతి మేడం ఎత్తలేదు. ఆవిడ ఎత్తని సంగతులకే అందరూ భయపడతారు. మూడు నెలలుగా ఆ పెట్టెలో పడ్డవన్నీ లెక్కల పీరియడ్ తీసేయమన్న అర్జీలే.

ఈసారి ఒక కొత్త చీటీ ఉంది. "మా ఇంట్లో తోడు లేదు. పక్కింటి ఆంటీని అడిగితే వాళ్ళకీ లేదంట. అమ్మ మొహం చిన్నబోయింది."

రాసింది మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల. నోరు విప్పదని తోటిపిల్లలు ఆమెను సైలెంట్ అంటారు. టీచర్ కళ్ళు చెమర్చాయి. నిజం చెప్పాలంటే, కాస్త సంతోషం కూడా వేసింది.

టీచర్ పురమాయింపుతో పదింటికల్లా ఆ పిల్లని కుదురుగా కూర్చోనీకుండా చెరోపక్కా ఇద్దరు చేరారు. పన్నెండింటికి డ్రిల్లు మాస్టారు ఆమెను కెప్టెన్ని చేశారు. సంచి మోసే హక్కు కోసం ముగ్గురు కొట్టుకున్నారు. చీటీ చదివిన మేడం ముక్కు చీది, "సాయంత్రం క్లాసంతా వాళ్ళింటికెళ్దాం, నేనూ వస్తాను," అన్నారు.

"ఎందుకు టీచర్?" సైలెంట్ తొలిసారి నోరు విప్పింది.

"నువ్వేం చెప్పక్కర్లేదమ్మా, నాకంతా తెలుసు," అని టీచర్ ఆ నోరు కాస్తా మూయించింది.

తలుపు తీసిన తల్లి గుమ్మం నిండా పిల్లల్ని చూసి బిత్తరపోయింది.

"మీరింక బెంగపడకండి. మీకు తోడు మేమున్నాం," అంది టీచర్ గద్గదంగా.

"తోడా? దానికింతమందెందుకండీ?" అంది తల్లి. "పాలు గోరువెచ్చగానే ఉన్నాయి. ఒక్క చెంచా పెరుగు చాలు."

మేడం మెల్లగా టీచర్ వైపు తిరిగారు. ఆ పాటికే పిల్లలు లోపలికి దూరిపోయారు. సైలెంట్ మంచమెక్కి, కెప్టెన్ హోదాలో, అందర్నీ గదమాయిస్తోంది. ఆ గొంతు విని తల్లి కళ్ళు తుడుచుకుంది.

"ఈ ఊరొచ్చాక మా పిల్లకోసం ఒక్కరూ మా గడప తొక్కలేదండీ. రోజూ ఒక్కత్తే గోడతో మాట్లాడుకుంటుంది. ఎవరికి తట్టిందో గానీ ఈ ఆలోచన..."

మేడం గొంతు సవరించుకున్నారు. "మా కౌన్సిలర్‌కి అన్నీ ముందే తెలిసిపోతాయండీ."

టీచర్ కాదనలేదు.

సోమవారం మనసు పెట్టె మూత పడలేదు. క్లాసులో ఒక్కరింట్లోనూ తోడు లేదట.