కమలవ్వ మోకాలు

శుక్రవారం పొద్దున్నే ఎవరి కంటా పడకుండా సముద్రం ఒడ్డుకు పోయి రావాలని సంజీవ్ పథకం వేసుకున్నాడు. భార్య రజిత, తల్లి కమలవ్వ విజిట్ వీసా మీద మస్కట్‌లోని అల్ హైల్‌కు, సంజీవ్ దగ్గరికి వచ్చి నెల కావస్తోంది. ఆదివారం వాళ్ల విమానం. ఈ నెలలో మొగుడూ పెళ్లాలు ఒక్క గంట కలిసి కూర్చున్న పాపాన పోలేదు. కమలవ్వ వచ్చిన రోజే సర్వపిండి కాల్చింది. ఆ వాసనకు పక్క రూమ్ వాళ్లంతా వచ్చారు, మళ్లీ పోతే ఒట్టు. డ్యూటీ దిగితే చాలు, అందరూ ఆమె చుట్టే.

"నన్ను దేశం చూడ పిలిచినవా, మెస్‌ల పనికి పెట్టినవా?" అని రజిత ముందురోజు అడిగేసింది. ఒక్కరోజు, ఎవరూ లేని చోట, నీతోనే ఉంటానని సంజీవ్ మాటిచ్చాడు.

తీరా కమలవ్వ, రజిత కారెక్కి కూర్చున్నాక, పక్క రూమ్ రఘుపతి పళ్లు తోముకుంటూ ఎదురొచ్చి ఎక్కడికన్నాడు. సముద్రమంటే రూమంతా బయల్దేరుతుంది. సంజీవ్ నోటికొచ్చింది అనేశాడు.

"అవ్వకు మోకాలు గుంజుతున్నదట. దవాఖానకు పట్కపోతున్న."

తర్వాత ఫోన్ ఆఫ్ చేసి హాయిగా జేబులో వేసుకున్నాడు. దారిలో అల్ అమెరాత్‌లో పెట్రోలుకు ఆగితే కమలవ్వ ఊరుకుంటుందా? ఎవరి బిడ్డో పాపమని, పెట్రోలు కొట్టే మలయాళీ చేతిలో సర్వపిండి ముక్కలు పెట్టింది.

ఖురయ్యాత్ దాటాక దొరికింది ఆ తీరం. పురుగు కూడా లేదు. డిసెంబరు ఎండ వెచ్చగా ఉంది. కమలవ్వ చీర ఎగ్గట్టి తిన్నగా నీళ్లలోకి నడిచింది. సంజీవ్ కారును ఇంకాస్త ముందుకు పోనిచ్చాడు, చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఎంత రేస్ చేస్తే అంత లోపలికి పోయాయి. అటు చూస్తే అలలు మెల్లగా కారు దాకా వస్తున్నాయి.

"ఇంకా నయం, ఎవరూ చూడలేదు" అన్నాడు.

"ఎవరన్న ఉంటే తోసేటోళ్లు" అంది రజిత.

అక్కడ అల్ హైల్‌లో రఘుపతికి అనుమానం పట్టుకుంది. మోకాలి నొప్పికి ఫోన్ ఎందుకు ఆపేస్తాడు? వ్యాను నడిపే నిసార్ అహ్మద్, కమలవ్వ పచ్చిపులుసంటే ప్రాణమిచ్చే మనిషి, ఆ మాట వినగానే బండి తీశాడు, రూమంతా ఎక్కేసింది. ఒక్కో ఆస్పత్రిలో ఆ పేరు గలవాళ్లు లేరన్నకొద్దీ జబ్బు ముదిరింది. మోకాలు నడుమైంది, నడుము గుండె అయింది. అల్ అమెరాత్‌లో డీజిల్‌కు ఆగితే మలయాళీ సర్వపిండి నములుతూ కనిపించాడు. రఘుపతి ఆ ముక్కను గుర్తుపట్టి గొల్లుమన్నాడు. కారు ఖురయ్యాత్ వైపు పోయిందని తెలిశాక ఎవరికీ ఆశ మిగల్లేదు. మస్కట్ డాక్టర్లు చేతులెత్తేస్తే తప్ప అంత దూరం ఎందుకు తీసుకుపోతాడు?

రోడ్డు మీంచే కారు కనబడింది. ఆపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా, ఎవర్ని బతిమాలి తెచ్చారో ఒక చక్రాల కుర్చీ పట్టుకుని అందరూ పరుగెత్తారు. అక్కడ కమలవ్వ అల వచ్చినప్పుడల్లా ఎగిరి దూకుతోంది.

"మీరు గూడ వచ్చిన్రా? మంచిగైంది, కారు దిగబడ్డది" అంది సంతోషంగా.

మోకాలెలా ఉందని రఘుపతి అడిగాడు. నా మోకాలికేమైందిరా అని ఆమె ఎదురడిగింది. అందరూ సంజీవ్ వైపు తిరిగారు. సంజీవ్‌కు ఆ ఇసుకలోనే దిగబడిపోతే బాగుండనిపించింది.

ముందు కారును పైకి తోశారు. ఆ తర్వాత నిసార్ చెయ్యి చాపి తాళంచెవి లాక్కున్నాడు.

"అవ్వ పేరు మీద అబద్ధమాడుతవురా? అవ్వను మేం తీస్కపోతం, కారు గూడ. మీరిద్దరు పొద్దుమూకేదాక ఈడనే పడి ఉండున్రి. అప్పుడొచ్చి తీస్కపోత."

చక్రాల కుర్చీ ఇసుకలో కదలకపోతే, కమలవ్వను కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. హార్లిక్స్ సీసా ఒళ్లో పెట్టుకుని ఆమె దర్జాగా వ్యానెక్కింది. బండ్లు రెండూ వెళ్లిపోయాయి.

సంజీవ్ సిగ్గుతో తలెత్తలేదు. చాలాసేపటికి ఎత్తి చూస్తే సముద్రం, రజిత తప్ప ఎవరూ లేరు. ఆమె పక్కన కూర్చుని, మిగిలిన సర్వపిండిని రెండు ముక్కలు చేసింది.

"విమానం ఎల్లుండి గదా" అంది. "రేపు అత్తమ్మకు ఏం గుంజుతది మరి?"