గిన్నెలు తోమే ఎడారి

పెళ్లయిన ప్రతి మగవాణ్ణీ ఏడాదికి ఒక వారం, కరెంటూ కుళాయీ లేని ఎడారిలో వదిలిపెట్టి రావాలి. ప్రభుత్వం వెంటనే ఈ మేరకు చట్టం చేయాలి. నేను వేళాకోళం ఆడటం లేదు. గరివిడిలో సిమెంటు కొట్టు నడిపే ధర్మారావు సంగతి వింటే మీరూ నా అర్జీ మీద సంతకం పెడతారు.

అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లని కిందటేడు సిమెంటు కంపెనీవాళ్లు సతీసమేతంగా ఆస్ట్రేలియా పంపించారు. ధర్మారావు భార్య బుజ్జమ్మ ఆ కబురు వీధి వీధంతా చెప్పుకుంది. ముప్ఫయ్యొక్కేళ్ల కాపురంలో ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే. తను కూర్చుని ఉండగా ఇంకెవరైనా కాఫీ కలిపి చేతికివ్వాలి. పనిమనిషిని పెడదామంటే ధర్మారావు, "ఉన్నది ఇద్దరం, మనకి పనేటుందే?" అనేవాడు. ఆ 'మనకి'లో ఆయన ఎక్కడున్నాడో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

విమానం దిగి జీపెక్కారు. ఎర్రమట్టి దారిలో పొద్దంతా పోయినా ఒక ఊరు లేదు, ఒక టీ బడ్డీ లేదు. చివరికి ఉత్త బయల్లో జీపు ఆగింది.

"ఓటలెక్కడండీ?" అని అడిగింది బుజ్జమ్మ.

జీపు మీద చుట్టచుట్టి కట్టిన డేరా గుడ్డల్ని చూపించి, "అయ్యేనట" అన్నాడు ధర్మారావు.

కేంపింగ్ అంటే తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. పుల్లలు ఏరుకోవాలి. క్యానుతో నీళ్లు మోసుకోవాలి. రాళ్ల మధ్య మంట పెట్టి వండుకోవాలి. నేల మీద పడుకోవాలి. తెల్లారితే చెంబుకి తోడు పార కూడా పట్టుకుని దూరంగా వెళ్లాలి. బుజ్జమ్మ పెద్దమ్మ అసిరమ్మ పొలంలో పాక వేసుకుని నలభయ్యేళ్లు చేసింది ఇదే. పాపం, ఇంగ్లీషు రాక దాన్ని కాపురం అనుకుంది.

బుజ్జమ్మకి ఏడుపొచ్చింది. సముద్రాలు దాటి వచ్చింది మళ్లీ పొయ్యి ముందుకేనా?

అప్పుడు జీపు నడుపుకొచ్చిన గైడు పిల్ల దాని తలుపుకి ఒక కాగితం అంటించింది. ఏ పని ఎవరి వంతో అందులో రాసి ఉంది. గిన్నెలు తోమడం ధర్మారావుకి పడింది. ఆయన అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ అలవాటుగా లేచింది. గైడు పిల్ల ఆవిడ భుజం పట్టి మడతకుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కాఫీ ఇచ్చింది. ధర్మారావు "యస్ మేడం" అంటూ బకెట్టు ముందు కూలబడ్డాడు. బ్యాంకు మేనేజరు దగ్గర కూడా వంగని నడుము అది!

ఆ కాఫీ కషాయంలా ఉంది. అంత మంచి కాఫీ బుజ్జమ్మ జన్మలో తాగలేదు.

ఆరు రోజుల్లో ఆయన ఉల్లిపాయలు తరిగాడు, పక్కలు చుట్టాడు, మసి గిన్నెని తళతళలాడించాడు. సిగ్నల్ దొరికిన ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆ గిన్నెతో దిగిన ఫొటోని 'అడ్వెంచర్' అని రాసి స్టేటస్ పెట్టాడు. నెల్లిమర్ల డీలరు గిరిబాబు, "మావా, నువ్వు మామూలోడివి కాదు" అని మెచ్చుకున్నాడు. ముప్ఫయ్యొక్కేళ్లుగా అదే అడ్వెంచర్ చేస్తున్న మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ఫొటో ఎవరూ తియ్యలేదు.

ఇంటికి తిరిగొచ్చిన రోజు ధర్మారావు భోంచేసి, కంచంలో చెయ్యి కడిగి లేచాడు.

"ఈ పూట మీ వంతండీ" అంది బుజ్జమ్మ.

"నీకేటైనాదే? ఇదేటి, ఎడారా? ఇంట్లో నువ్వున్నావు కదా."

చూశారా పాఠకులారా! లోపం మగవాడిది కాదు, స్థలానిది. నేను చట్టం అడుగుతున్నది ఊరికే కాదు.

ఈ ఏడాది టార్గెట్ దాటే డీలర్ల ముందు కంపెనీ రెండు టూర్లు పెట్టింది. దుబాయిలో పెద్ద హోటలు, వద్దంటే మళ్లీ ఆ ఎడారి. బుజ్జమ్మ ఎడారే కావాలంది.

"దుబాయిలో మంచం కాడికే కాఫీ తెస్తారే, ఎర్రిదానా."

"తెస్తారు. ఓటలోలు తెస్తారు. మీరు తెస్తే తాగాలని ఉన్నాది నాకు."

మర్నాడు దేవేంద్ర మేస్త్రీ స్లాబుకి సిమెంటు కావాలని కొట్టుకొస్తే, "ఇప్పుడేటి తొందర? వానలు ఎల్లనీ" అని ధర్మారావు తిప్పి పంపేశాడు. టార్గెట్ దాటడానికి ఆ ఒక్క స్లాబే తక్కువ. ఆ సంగతి తెలియని బుజ్జమ్మ బీరువా తీసి, పాస్‌పోర్టుల మీద గడువు తేదీ చూసుకుంటోంది.