డెబ్బై డిగ్రీల మోకాలు

ఆ రెండో శనివారం పొద్దున మల్లేశ్వరి అనుకున్నది చాలా చిన్న పని. కొడుక్కి ఉప్మా పెట్టి, కాలు వ్యాయామం చేయించి, పదింటికల్లా మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవడానికి కూర్చోవాలి. భర్త రోశయ్య నేసిన చీర ఇచ్చి రావడానికి షావుకారు ఇంటికి వెళ్లాడు.

కొడుకు శివనాగరాజు నెల కిందట బండి మీద నుంచి పడితే గుంటూరు బ్రాడీపేటలో మోకాలికి ఆపరేషన్ అయింది. "సోమవారానికి తొంభై డిగ్రీలు దాటి వంగాలమ్మా. లేకపోతే మత్తిచ్చి మేమే వంచాల్సి ఉంటుంది," అన్నాడు డాక్టరు. మిగతా మాటలన్నీ అక్కడే వదిలేసి, మత్తు అన్న మాటను మాత్రం ఆమె చీరాల దాకా మోసుకొచ్చింది. మత్తిచ్చాక లేవకపోతే? లేచినా, వంగని కాలితో మగ్గం కింది గుంటలోకి ఎలా దిగుతాడు? దిగలేనివాడికి పిల్లనెవరిస్తారు? ఆమె భయాలు ఎప్పుడూ ఒంటరిగా రావు. చుట్టపక్కాలతో వస్తాయి.

వరండాలో ఆరో తరగతి చదివే కూతురు హేమశ్రీ జామెట్రీ బాక్సు ముందేసుకుని కూర్చుంది. ఇంట్లో ఐదు కోణాలు కొలిచి, పేర్లు పెట్టి రాసుకు రమ్మన్నారు టీచరు. తలుపు, కత్తెర, మడత కుర్చీ, నిచ్చెన అయిపోయాయి. ఐదోదాని కోసం వెతుకుతుంటే, మంచం మీద కాలు మడుచుకుంటున్న అన్న కనిపించాడు.

"అన్నాయ్, కదలకు," అంటూ స్కెచ్ పెన్నుతో తొడ మీద ఎ, మోకాలి పక్కన బి, చీలమండ దగ్గర సి అని రాసింది.

"ఏందే ఆ రాతలు? ఆపరేషన్ చేసిన కాలే అది!"

"కోణం ఎ-బి-సి అమ్మా. ఎక్కడ వంగితే అక్కడి అక్షరం మధ్యలో రావాలి." హేమశ్రీ కోణమానినిని మోకాలికి ఆనించి చూసింది. "ఎనభై అయిదు."

మల్లేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. "తొంభై దాటాలన్నాడు కదే! ఇంకొంచెం వంచరా నాగరాజూ."

అతను పళ్లు బిగించి వంచాడు.

"ఎనభై."

"వంచమంటే దించుతావేంట్రా?"

"వంచుతూనే ఉన్నా కదమ్మా!"

"ఇంకా వంచు."

"డెబ్బై అయిదు," అంది హేమశ్రీ.

ఇక తట్టుకోలేక శివనాగరాజు కాలు కాస్త చాపేశాడు. "నూట ఇరవై!" అని అరిచింది హేమశ్రీ. మల్లేశ్వరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, తొంభై కంటే నూట ఇరవై పెద్దదని ఎవరూ చెప్పక్కర్లేదు.

"చూశావా? మడిచేకొద్దీ పాడైపోతోంది. ఇంక కాలు మడిచావంటే ఊరుకోను."

"డాక్టరే కదమ్మా మడవమంది?"

"డాక్టరుకు కావలసింది నంబరు. అది ఎట్లా వస్తే అట్లా తెచ్చుకుందాం."

ఇంతలో పక్కింటి జానీబీ వేడి చేసిన నువ్వులనూనె గిన్నెతో వచ్చింది. వచ్చిన మనిషి ఎవరినీ అడగలేదు. "అట్టా చాపి పడుకోబెడితే కర్రయిపోద్ది అమ్మాయ్," అంటూ నూనె పట్టించి కాలు పట్టుకుని మడిచేసింది. శివనాగరాజు కేక వీధి చివరిదాకా వినిపించింది. హేమశ్రీ వెంటనే కొలిచింది. "డెబ్బై. అమ్మా, నూనెకి బి చెరిగిపోయింది."

"అక్కా! ఐదు డిగ్రీలు తినేశావు కదే నా బిడ్డ కాల్లో!"

"నూనె రాసినందుకా ఈ నింద? నా గిన్నె నాకిచ్చెయ్, పోతా."

మల్లేశ్వరి గుంటూరు క్లినిక్‌కి ఫోన్ చేసింది. "మోకాలు డెబ్బైకి వచ్చిందండీ."

"డెబ్బయ్యేనా? తక్కువండీ. సోమవారం దాకా ఆగకుండా ఇవాళే తీసుకురండి," అంది రిసెప్షన్‌లోని అమ్మాయి.

దారిలో నంబరు ఇంకా పడిపోతే? ఆమె మగ్గం గుంటలోకి దిగి, కాలితో తొక్కే చెక్కను ఊడదీసి, పాత చీరతో కొడుకు కాలికి బిగించి కట్టింది. హేమశ్రీ కొలిచి నూట ఎనభై అంది. "ఇది ఇట్లాగే గుంటూరు దాకా చేరాలి," అంది మల్లేశ్వరి. సాక్ష్యానికి కూతుర్నీ, జామెట్రీ బాక్సునూ వెంటబెట్టుకుంది.

ఆటోలోంచి కాలు మూరెడు బయటికి రావడంతో ఇద్దరు సైకిళ్లవాళ్లు కాలవలోకి దిగారు. రైల్లో అది దారికి అడ్డంగా ఉంటే, టీ అమ్మే అతను దాని మీంచి దూకబోయాడు. "చూసుకుని పోవయ్యా, నూట ఎనభై ఉంది దాంట్లో!" అని అరిచింది మల్లేశ్వరి. ఎదురు సీటాయన కాసేపు చెక్కవంక చూసి, సంచి తీసుకుని వేరే పెట్టెలోకి వెళ్లిపోయాడు.

క్లినిక్‌లో వ్యాయామం చేయించే మాధవీలత మేడమ్ చెక్కను చూసి నోరు తెరిచింది. "ఎవరు కట్టారండీ ఇది?"

"నేనేనండీ. పడిపోకుండా."

"ఏం పడిపోకుండా?"

"నంబరు."

మేడమ్ కట్లు విప్పి, చాచిన కాలికి రెండు చేతులున్న పొడవాటి స్కేలు ఆనించింది. "ఇది మా లెక్కలో సున్నా," అంది.

మల్లేశ్వరి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "సున్నా అయిపోయిందా తల్లీ! చెక్క కట్టి నేనే చంపుకున్నానా!"

"ఉండండమ్మా." మేడమ్ మోకాలిని మెల్లగా వంచింది. బిగుసుకున్న కాలు మొదట మొండికేసింది, తర్వాత దారికొచ్చింది. "నలభై... తొంభై... నూట పది. చాలా బాగుంది! మేం చాచిన దగ్గర్నుంచి ఎంత వంగిందో చూస్తాం. మీ పాప తొడకీ పిక్కకీ మధ్య ఎంతుందో కొలిచింది. తనదీ తప్పు కాదు."

హేమశ్రీ వేళ్లు మడిచింది. "నూట పదీ డెబ్బై కలిపితే నూట ఎనభై. సరళకోణం అమ్మా!"

"అయితే మత్తు?"

"మత్తెందుకండీ? వచ్చే నెల మగ్గంలో కూర్చోవచ్చు. ఈ చెక్క మాత్రం మళ్లీ కట్టకండి."

మల్లేశ్వరి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అయితే మా ఇంటి లెక్కలో షుగరు లాగా తగ్గితేనే మంచిదన్నమాట." వెంటనే జానీబీకి ఫోన్ చేసి, సాయంత్రం ఆ నూనె గిన్నె మళ్లీ తెమ్మని చెప్పింది.

ఆ ఫోన్ పెట్టేయగానే ఇంటి దగ్గర్నుంచి రోశయ్య ఫోన్ చేశాడు. "మగ్గం చెక్క ఏదే? ఇల్లంతా వెతికి చచ్చిపోతున్నా."

"మనవాడి కాలు నూట పది వంగిందయ్యా!"

"సంతోషం. చెక్కేదీ?"

చెక్క ఆమె ఒళ్లోనే ఉంది. ఆ రోజంతా చీరాలలో కదలకుండా పడి ఉన్నది రోశయ్య మగ్గం ఒక్కటే.