పరువుకు ఏడాదే గడువు

చట్టం చేసినవాళ్లు దేవుళ్లండీ! పేపర్లో మీ పరువు తీశారా? ఏడాదిలోపు దావా వేయాలి. దాటిందా, ఇక ఆ సంగతి మరిచిపోయి హాయిగా నిద్రపోవచ్చు. ఆవకాయే ఏడాది నిలవుంటుంది. పరువు అంతకంటే నిలవుంటుందా?

ధర్మవరం కుళ్ళాయప్పకు మాత్రం ఈ మేలు అర్థం కాలేదు. ఆయన చేతిమగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఒకరోజు ఓ లోకల్ పేపరు ఆయన ఫోటో వేసి, మరమగ్గం చీరలను చేతిమగ్గం చీరలని అంటగడుతున్నాడని రాసింది. కలర్ ఫోటో! ఫ్రీ పబ్లిసిటీ! అయినా ఆయన ఏడ్చాడు. సొంత వియ్యంకుడే చీర తిరగేసి, "నిజంగా చేత్తోనే నేసినావా బావా?" అని అడిగాడట. అంగడివాళ్లు ఆయన చీరలను మరమగ్గం ధరకే అడగడం మొదలుపెట్టారు. కస్టమర్లకు ఎంత లాభమో చూడండి!

పెనుకొండలో తెలిసిన లాయరు మసూద్ ముందే హెచ్చరించాడు. "ఏడాదిలోపల కేసెయ్యాలన్నా. రేపే రా."

"మగ్గం ఖాళీ కానీలేప్పా. వార్పు ఉండగా కోర్టు మెట్లెక్కగూడదని మా అవ్వ మాట."

వార్పంటే మగ్గానికెక్కించిన నిలువు పోగులు. అది అయిపోవస్తుండగానే కొత్త వార్పును ఆ కొసలకే అతుకుతారు. మరి మగ్గం ఖాళీ అయ్యేదెప్పుడు? ఎప్పుడూ కాదు! పైగా ధర పడిపోయాక రెట్టింపు నేస్తే తప్ప ఇల్లు గడవదాయె. భార్య రామాంజినమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన వినలేదు. పెద్దల మాట కదా!

ఏడాది దాటింది. పేపరువాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఆ పాత పేపరు కూడా హిందూపురం బస్టాండులో బజ్జీల కింద స్థిరపడింది. చీరలిచ్చి వస్తూ కుళ్ళాయప్ప అక్కడే బజ్జీలు కొన్నాడు. పొట్లం విప్పితే తన ముఖమే, నూనెకు నిగనిగలాడుతోంది! కడుపు మండి నలుగురిలో అరిచాడు.

"ఈ పేపరోళ్లు రాసేదంతా అబద్ధమబ్బా!"

వారం తిరక్కుండా నోటీసొచ్చింది. పేపరుకు పరువు నష్టమట!

భార్యాభర్తలు పెనుకొండకు పరుగెత్తారు. నోటీసు చదివి మసూద్ తల గోక్కున్నాడు. "ఇంత తొందరేమన్నా వాళ్లకి? ఇంకా ఏడాది గడువుండాది కదా!"

అదే ఏడాది. చట్టం అందరికీ సమానమే, చూశారా!

రామాంజినమ్మ మూతి తిప్పింది. "వాళ్లింట్లో మగ్గం యాడుండాదప్పా, ఆగేదానికి?"