కోడలి చేతి మంచినీళ్ళు

మధ్యాహ్నంలోగా పని తెముల్చుకుని, అత్తగారి కంటి ఆపరేషన్ వేళకు ఆసుపత్రికి చేరుకోవాలని ఆ ఉదయం కోడలు అనుకుంది. ఆమె ఉద్యోగం ఒంటాలజీలో తప్పులు పట్టడం. అది ఒంటికి సంబంధించిన వైద్యమేదో అని అత్తగారి నమ్మకం. నిజానికి ఏ మందు, ఏ రసాయనం ఏ కోవలోకి వస్తుందో ఆసుపత్రుల కంప్యూటర్లకు చెప్పే వర్గీకరణ అది.

ఆ రోజు అందులో నీరు ఏ కోవలోనూ లేకుండా అనాథలా కనిపించింది. నీళ్ళలో ఉప్పు కరుగుతుంది, పంచదార కరుగుతుంది. కనుక కోడలు దాన్ని ద్రావకాల్లో చేర్చింది. కంప్యూటర్ "తప్పులు లేవు" అంది. ముందురోజే పై అధికారి పెట్రోలునూ కిరోసిన్‌నూ మనసులో పెట్టుకుని, ద్రావకాలన్నిటినీ విషాల కిందికి నెట్టేశాడని ఆమెకు తెలియదు.

ఆసుపత్రిలో నర్సు అత్తగారిని అడిగింది. "పొద్దున ఏమైనా తీసుకున్నారా అమ్మా?"

"గ్లాసుడు మంచినీళ్ళు తాగానమ్మా."

నర్సు అది కంప్యూటర్లో నమోదు చేయగానే తెర ఎర్రబడింది: విషం.

"ఎవరిచ్చారండీ?"

"ఇంకెవరు, మా కోడలే. రోజూ పరగడుపునే ఇస్తుంది. వద్దన్నా వినదు."

నర్సు పరుగెత్తింది. డాక్టరు సెలైన్ పెట్టమన్నాడు. అందులోనూ నీళ్ళే కాబట్టి తెర మళ్ళీ ఎర్రబడింది. విరుగుడు మందు నీళ్ళలో కలపమన్నాడు. ఇంకా ఎర్రబడింది. ఆపరేషన్ ఆగిపోయింది. గుమ్మం దగ్గరికి సెక్యూరిటీ గార్డు వచ్చి నిలబడ్డాడు.

కోడలు వచ్చేసరికి వార్డంతా ఆమెనే చూస్తోంది.

"రోజూ ఇస్తున్నది మీరేనా?" అన్నాడు డాక్టరు.

"ఏమిటండీ?"

"నీళ్ళు!"

కోడలు తెర మీద "నీరు, ద్రావకం, విషం" అన్న వరస చూసి తల పట్టుకుంది. వెంటనే అధికారికి ఫోన్ చేసింది. "సార్, మంచినీళ్ళు విషాల్లో పడ్డాయి!"

"కంప్యూటర్ తప్పులు లేవందిగా?"

"అందండీ. ద్రావకాలన్నీ విషాలైతే నీళ్ళూ విషమే. దాని లెక్క సరిగ్గానే ఉంది, మనుషులే దాహంతో ఉన్నారు."

"అయితే కమిటీ కూర్చోవాలి. వచ్చే వారం చూద్దాం."

"ఇక్కడ మా అత్తగారికి గొంతు ఎండిపోతోందండీ!"

అధికారి గొణుక్కుంటూనే తన మార్పు వెనక్కి తీసుకున్నాడు. తెర మామూలైంది. గార్డు చూపు మాత్రం మామూలు కాలేదు.

అప్పుడు అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "నా కోడలు విషం పెడుతుందా? కూరలో ఉప్పే గుర్తుండి చావదు, విషం గుర్తుంటుందా దానికి? దాని జోలికొస్తే ఊరుకోను!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు తన పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. కోడలి కళ్ళు చెమర్చాయి.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మర్నాడు పొద్దున్నే కోడలు గ్లాసు అందిస్తే, అత్తగారు ఆప్యాయంగా ఆమె చెయ్యి పట్టుకుని, "ముందు నువ్వో గుక్క తాగమ్మా," అంది.