అందరికీ అత్యధికమే

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి చెప్పులు వేసుకుంటూ కంప్యూటరమ్మ భర్తతో అన్న మాట ఇది: "ఈవేళ పెద్ద పనేం లేదండీ. ఐదు గళ్ళ పట్టిక ఒకటి నింపాలి. పదింటికల్లా అయిపోతుంది."

భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే "మంచిది" అన్నాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆమె "పెద్ద పనేం లేదు" అన్న రోజులన్నీ అతనికి గుర్తే. అందుకని ఆమె వీధి మలుపు తిరగ్గానే లేచి, రాత్రికి కూడా తనే వండేసి పెట్టాడు.

కంప్యూటరమ్మ రెండు వందల పడకల ఆసుపత్రిలో సిస్టమ్స్ ఆఫీసరు. ఆ హోదా ఆవిడ గది తలుపు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. స్క్రీను నల్లబడినా, మౌసు కదలకపోయినా, ఆఖరికి గోడ గడియారం ఆగిపోయినా అందరూ "కంప్యూటరమ్మా" అనే పిలిచేవారు.

పట్టిక పంపింది హెడ్డాఫీసు. రోగుల రికార్డుల సంగతి వాళ్ళే చూసుకుంటారు. ఆసుపత్రి సొంతంగా పెట్టుకున్న ఐదు సిస్టమ్‌లకి మాత్రం ఇక్కడే స్థాయి తేల్చాలి: రక్తనిధి, వంటశాల, లాండ్రీ, స్టాఫు గేటు, మీటింగు హాలు. ఒక్కోదాని గుట్టు బయటపడితే, అందులో వివరాలు తారుమారైతే, అసలది ఆగిపోతే, మనుషులకి ఎంత నష్టం? దాన్నిబట్టి తక్కువ, మధ్యస్థం, అత్యధికం అని రాయాలి. స్థాయిని బట్టి తాళాలు. తక్కువైతే ఒక్క పాస్‌వర్డ్ చాలు. అత్యధికమైతే పాస్‌వర్డూ, వేలిముద్రా, మూడు నిమిషాలు ముట్టుకోకపోతే దానంతటదే మూతపడటం, ప్రతి మార్పుకీ రెండో మనిషి ఒప్పుకోలు, ఐదు నిమిషాలకోసారి సర్వరులోకి నకలు. పట్టికలో స్థాయి రాసి ఒక్క బటన్ నొక్కితే తాళాలన్నీ వాటంతటవే పడతాయి. మధ్యాహ్నం మూడింటికి తనిఖీ అధికారిణి వచ్చి చూస్తుంది.

నిజానికి ఒక్కో చోటికీ వెళ్ళి, కూర్చుని, "ఇది ఆగిపోతే ఏమవుతుంది?" అని అడగాల్సిన పని అది. కంప్యూటరమ్మకి అంత ఓపిక లేకపోయింది. స్టాఫు గ్రూపులో ఒక మెసేజీ పెట్టింది: "మీ సిస్టమ్ ప్రాముఖ్యం తక్కువా, మధ్యస్థమా, అత్యధికమా? తొమ్మిదిన్నరలోగా చెప్పగలరు."

ప్రాముఖ్యం అన్న మాట వాడటమే ఆవిడ చేసిన పొరపాటు. ఐదు నిమిషాల్లో లాండ్రీ బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆసుపత్రిలో అందరికంటే సీనియరు. ఆయన చొక్కా మీద ముడత చూసినవాళ్ళు లేరు.

"నా ప్రాముఖ్యం ఎంతో నన్నే చెప్పుకోమంటే ఎలాగమ్మా? ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఒక్కరోజు దుప్పట్లు రాకపోతే తెలుస్తుంది మీ అందరికీ."

"మీ గురించి కాదు బాబాయ్, మీ కంప్యూటర్ గురించి."

"దాన్ని నేను కాక ఇంకెవరు వాడుతున్నారు?"

ఆవిడ లాండ్రీ ఎదురుగా 'అత్యధికం' అని రాసింది. ఆయన ఇంకా వరండా దాటలేదు, వంటశాల సూపర్‌వైజరు ఊడిపడింది. ఆవిడకీ బాబాయ్‌కీ ఏప్రన్ల మీద పసుపు మరకల గురించి నాలుగు నెలలుగా మాటల్లేవు.

"బట్టలు అత్యధికమట. మరి అన్నం ఏమిటో కనుక్కుని పోదామని వచ్చాను."

వంటశాలా అత్యధికమైంది. గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ హెడ్డు ఫోన్ చేసి, సెక్యూరిటీ మీద పట్టిక వేస్తూ సెక్యూరిటీ వాళ్ళని అత్యధికం అనకపోతే ఇంకెవరిని అంటారని అడిగాడు. అదీ సబబుగానే తోచింది. మీటింగు హాలు బుకింగుల సంగతి సూపరింటెండెంటు గారు ఇంటి దగ్గర్నుంచే తేల్చేశారు. "నా మీటింగులు ఆగితే ఆసుపత్రి ఆగినట్టేనమ్మా. అత్యధికం వెయ్యి."

ఇక మిగిలింది రక్తనిధి. అక్కడ టెక్నీషియన్‌ని అందరూ నెమ్మదక్క అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. లిఫ్టులో చోటున్నా ఎవరికైనా అవసరమేమోనని మెట్లెక్కి వెళ్ళే రకం. ఆవిడ దగ్గర్నుంచి తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి మెసేజీ వచ్చింది: "మాది చిన్న గది అమ్మా. తక్కువ చాలు. అవసరం ఉన్నవాళ్ళకి ముందు చూడండి."

పొద్దుట్నించీ చెవులు గింగుర్లెత్తి ఉన్న కంప్యూటరమ్మకి ఆ మాట చల్లటి మంచినీళ్ళలా అనిపించింది. ఇలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే ఎంత హాయి అనుకుంది. 'తక్కువ' అని రాసి, పదింటికి బటన్ నొక్కింది.

పదీ ఐదుకి మొదటి ఫోను వంటశాల నుంచి.

"వేలు పెడితే ఎవరు నువ్వు అంటోంది."

"చెయ్యి కడుక్కుని పెట్టండి."

"ఉల్లిపాయలు తరుగుతూ ఎన్నిసార్లు కడుక్కోను? సరే, కడుక్కునే పెట్టాను. ఇప్పుడు రెండో మనిషి ఒప్పుకోవాలంటోంది. మూడో వార్డులో ఉప్పు తగ్గించాలని రాయడానికి ఇంకొకళ్ళ ఒప్పుకోలేమిటి? ఆ రెండో మనిషెవరో చూశారా మీరు?"

కంప్యూటరమ్మ చూసింది. రెండో మనిషిని సాఫ్ట్‌వేరు సర్వీసును బట్టి ఎంచుకుంది. వంటశాలకి లాండ్రీ బాబాయ్. లాండ్రీకి వంటశాల సూపర్‌వైజరు.

అక్కడినుంచి వరండా చూడదగ్గదిగా తయారైంది. బాబాయ్ ఉప్పుకి వేలిముద్ర వెయ్యడానికి వంటశాలకి వెళ్ళేవాడు. ఈలోపు మూడు నిమిషాలు దాటి ఆయన కంప్యూటర్ మూతపడేది. ఆవిడ దుప్పట్లకి వేలిముద్ర వెయ్యడానికి లాండ్రీకి వెళ్ళేసరికి ఆవిడది మూతపడేది. నాలుగు నెలలుగా మాటల్లేని ఇద్దరూ ఆ ముప్పావుగంటలో దారిలో తొమ్మిదిసార్లు ఎదురుపడ్డారు. ఆరోసారికి బాబాయ్ తప్పక "మళ్ళీనా?" అన్నాడు. ఆవిడ "మళ్ళీనే" అంది. ఆ రెండు మాటలూ విన్న నర్సులు ఇదేదో శుభసూచకం అనుకున్నారు.

వచ్చిన ప్రతి ఫోనునీ టైముతో సహా నోటుపుస్తకంలో రాసుకోవడం కంప్యూటరమ్మకి అలవాటు. పదిన్నరకి ఆ పేజీ నిండిపోయింది. పదీ నలభైకి సూపరింటెండెంటు గారి ఫోను.

"గేటు దగ్గరున్నానమ్మా. నేనెవరో తెలుసా అంటే వేలు పెట్టమంటోంది."

"పెట్టండి సార్."

"పెట్టాను. నేనెవరో తెలీదంటోంది."

ఆయన వేలిముద్ర ఎప్పుడూ ఎక్కించలేదు. ఎక్కించాలంటే ముగ్గురు సీనియర్లు ఒప్పుకోవాలి. ఆ ముగ్గురిలో మొదటివారు సూపరింటెండెంటు గారే. రోగుల గేటు వేరే ఉంది, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కానీ ఆయన కారు స్టాఫు గేటు ముందుంది, దాని వెనక ఇంకో ఆరు కార్లున్నాయి. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

దీనికి ఏం చెయ్యాలా అని ఆవిడ ఆలోచిస్తూ ఉండగానే, నాలుగు సిస్టమ్‌ల నకళ్ళు ఐదేసి నిమిషాలకోసారి మింగి మింగి, పదీ యాభైకి సర్వరు చతికిలపడింది. ఐదూ ఒకేసారి ఆగిపోయాయి.

సర్వరుని లేపడం ఆవిడకి కొత్తేం కాదు. కానీ ఇప్పుడు దానికీ ఒక వరస ఉంది. అత్యధికం వాటిని ముందు లేపాలి, ఒక్కోదానికి పావుగంట. తక్కువవి అన్నిటికంటే ఆఖర్న. సాఫ్ట్‌వేరు మీటింగు హాలుతో మొదలుపెట్టింది.

పదీ యాభై మూడుకి తలుపు మీద ఎవరో మునివేళ్ళతో తట్టారు. నెమ్మదక్క.

"తొందరేం లేదమ్మా. మీరు పనిలో ఉన్నట్టున్నారు."

"ఫరవాలేదు, చెప్పక్కా."

"మా స్క్రీను రావట్లేదు. మరేం లేదు, థియేటర్ వాళ్ళు రక్తం అడుగుతున్నారు. కాన్పు కేసు. పొద్దున్నే సరిచూసి రెండు సంచులు పెట్టాను. వాటి నంబర్లు కంప్యూటర్లోనే ఉన్నాయి. నంబరు చూసుకోకుండా ఇవ్వకూడదు. మళ్ళీ మొదట్నించీ సరిచూడాలంటే ముప్పావుగంట పడుతుంది, అదీ మొదలుపెట్టించి వచ్చాను. కానీ వాళ్ళు అంతసేపు ఆగలేమంటున్నారు."

కంప్యూటరమ్మ స్క్రీను వంక చూసింది. రక్తనిధి వంతు వచ్చేసరికి గంట. పైనున్న నాలుగూ కిందికి దిగితే తప్ప అది పైకి రాదు. వాటిని దింపాలంటే నలుగురు యజమానులూ స్వయంగా వేలిముద్ర వెయ్యాలి.

"అక్కా, అంత ముఖ్యమైనదాన్ని తక్కువ అని ఎందుకు రాశావు?"

"ప్రాముఖ్యం అడిగారు కదమ్మా. నాది గొప్పదని నా నోటితో నేనే ఎలా చెప్పుకోను?"

కోప్పడటానికి కూడా వీల్లేని జవాబది. పైగా ఆ కోపం ఎవరి మీద పడాలో కంప్యూటరమ్మకి బాగానే తెలుసు. ఏడాది కిందట ఆ గదిలో కంప్యూటర్ పెట్టినదీ తనే, అందులో ఏముందో తెలిసినదీ తనే. లాప్‌టాపు చంకలో పెట్టుకుని, వేలిముద్రల డబ్బా చేత్తో పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది.

బాబాయ్ వరండా మధ్యలోనే దొరికాడు, వంటశాల నుంచి పదోసారి వెనక్కొస్తూ. ఆవిడ రెండు ముక్కల్లో చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు గురించి ఇంకో ఉపన్యాసం వినాల్సొస్తుందని భయపడింది కూడా.

"ఈ మాట పొద్దున్నే చెప్పొద్దటమ్మా?" అన్నాడాయన, బొటనవేలు అప్పటికే డబ్బా మీద ఉంది. "దుప్పటి రేపు మార్చుకోవచ్చు. తక్కువ రాయి. ఇంకా కిందిదేమైనా ఉంటే అదే రాయి."

వంటశాల సూపర్‌వైజరు చెయ్యి కడిగి, తుడిచి, వేలు వేసింది. "నా దగ్గర గోడ మీద చార్టు ఉంది, వండుకుంటాను" అంది. తర్వాత బాబాయ్ వంక చూసి, "రండి, గేటు దగ్గర మన ఇద్దరి వేళ్ళూ కావాలిగా" అంది. నిజమే. సూపరింటెండెంటు గారి వేలు ఎక్కడానికి సెక్యూరిటీ హెడ్డుతో కలిపి వీళ్ళిద్దరి ఒప్పుకోలూ అవసరం. మొదటివారి పేరు తీసేసి ఆ చోట హెడ్డు పేరు వెయ్యడం కంప్యూటరమ్మ పరిగెడుతూనే కానిచ్చింది.

ఆ విధంగా, వెనకే వచ్చిన నెమ్మదక్కతో కలిపి ఐదుగురు మనుషులు స్టాఫు గేటుకి ఇటు, సూపరింటెండెంటు గారు అటు నిలబడ్డారు. ముగ్గురూ వరసగా వేళ్ళు వేశారు. ఆయన కారు దిగి, కోటు చెయ్యి పైకి మడిచి, ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి చాపారు.

"దేనికమ్మా ఇది?"

"మీటింగు హాలుని కింది స్థాయికి దింపడానికి సార్."

ఆయన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"రక్తం కోసం సార్" అని వెనకనుంచి నెమ్మదక్క గొంతు వినపడింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

ఆయన వెంటనే వేలు నొక్కారు. సెక్యూరిటీ హెడ్డు గేటు తాలూకు వేలు కూడా వేసేసి, గేటుని చేత్తో తీస్తే వస్తుందని అప్పుడు కనిపెట్టాడు.

పదకొండూ ఐదుకి రక్తనిధి స్క్రీను వెలిగింది. పదకొండూ ఎనిమిదికి రెండు సంచులూ థియేటర్లో ఉన్నాయి. పన్నెండింటికి నర్సు వచ్చి ఆడపిల్ల అని, తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పింది. లాండ్రీ బాబాయ్ తన చేత్తో మడతపెట్టిన చిన్న దుప్పటి ఒకటి పైకి పంపాడు, దానికి ఎవరి ఒప్పుకోలూ అడగకుండా.

మూడింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని పట్టిక అడిగింది. అప్పటికి కంప్యూటరమ్మకి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, నోటుపుస్తకం ముందు పెట్టింది.

అధికారిణి చాలాసేపు చదివింది. "రక్తనిధి ఆగిన మూడు నిమిషాలకే మనిషి వచ్చింది. వంటశాల గోడ మీది చార్టుతో నడిచింది. దుప్పట్లు రేపటికి ఆగుతాయని ఆయనే అన్నాడు. గేటు చేత్తో తీశారు. మీటింగు హాలు గురించి ఒక్క ఫోనూ లేదు."

"లేదండీ."

"మీరు చేసింది తప్పే. మెసేజీ పెట్టి అడిగేది కాదిది, అదృష్టం బాగుండి సరిపోయింది. ఆ ముక్క నివేదికలో రాస్తాను." ఆవిడ పేజీ తిప్పింది. "కానీ అందరూ గదిలో కూర్చుని ఊహించి రాస్తున్నారు. ఏది ఆగితే ఎవరికి ఎంతసేపట్లో నొప్పి పుడుతుందో టైములతో సహా ఉన్న పట్టిక నేను చూడటం ఇదే. రక్తనిధి ఒక్కటే అత్యధికం. వంటశాల మధ్యస్థం. మిగతావి తక్కువ. ఈ నోటుపుస్తకం నకలు నాకివ్వండి, మిగతా ఆసుపత్రులకి చూపిస్తాను."

కంప్యూటరమ్మ తల ఊపింది. తిట్టో మెచ్చుకోలో తేల్చుకునే శక్తి లేదు.

"ఒక్కటి రాయలేదు మీరు" అంది అధికారిణి. "మీరు ఒకరోజు రాకపోతే?"

తనిఖీకని ఐదు సిస్టమ్‌ల వాళ్ళూ ఆ గదిలోనే ఉన్నారు. జవాబు చెప్పింది నెమ్మదక్క. "అత్యధికమండీ."

"అయితే నియమం తెలుసుగా. అత్యధికం అన్నదానికి బదులుగా రెండోది సిద్ధంగా ఉండాలి. వచ్చే నెలలోగా ఈవిడకి అసిస్టెంటుని వెయ్యండి."

అసిస్టెంటు కావాలని కంప్యూటరమ్మ మూడేళ్ళలో పెట్టుకున్న అర్జీలు పదకొండు. సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకుని, తప్పకుండా వేస్తామన్నారు. వేసినట్టు కాగితం కూడా అప్పుడే రాయించి సంతకం పెట్టారు.

అధికారిణి వెళ్ళిపోయాక ఆయన కాసేపు పట్టిక వంక చూసి, తన పేరు ఎదురుగా ఏ స్థాయి రాస్తే బాగుంటుందని అడిగారు. అది తేలాలంటే ఒక వారం సెలవు పెట్టి చూడటమే పద్ధతి అని కంప్యూటరమ్మ వినయంగా చెప్పింది.