కనకను ఎత్తుకుపోయిన పొద్దు

మన్యంలో పితూరీ చల్లారిన మరుసటి ఏడు, అరకు కొండల్లో జరిగిందిది. ఆ ఉదయం వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పొరుగు కొండ భీముడు ఊట దగ్గర కాచి, కుండతో నీళ్లకొచ్చే కనకను ఎత్తుకుపోతాడు. అక్కడ పెళ్లంటే అదే. ఇద్దరికీ ఇష్టమై, పెద్దలకు తెలిసే జరుగుతుంది. అయినా పిల్ల గుండెలు బాదుకుని ఏడవాలి. ఆమె నేస్తం కర్ర పుచ్చుకుని పెళ్లివారిని తరమాలి. ఇష్టమేనని పిల్ల తన నోటితో అందంటే పరువు పోయినట్టే.

కర్ర పని నూకరత్నానిది. చిన్నప్పుడే కనకతో నేస్తం కట్టింది. కనక కొండ దాటిపోతే తనకిక మాట్లాడే మనిషి ఉండదన్న దిగులుతో ఆమెకు ముద్ద దిగడం లేదు. అయినా కర్ర చెక్కి సిద్ధం చేసుకుంది.

"గట్టిగా కొట్టీకు నేస్తం. ఆడి నడుం ఇరిగితే నానేటి సేసుకోను" అంది కనక.

"ముందు నువ్వు బేగి ఏడు. పొద్దెక్కిపోతంది."

భీముడు రానే వచ్చాడు, కనక ఏడవనే ఏడ్చింది. తంటా అక్కడే వచ్చింది. నిరుడు పోడు మంటలు చెలరేగినప్పుడు కొండను కాచే దేవత కొండతల్లి పులికూనలను కనకా నూకరత్నమే గంపలో వేసుకుని కాపాడారు. మీలో ఎవరు ఏడ్చినా వస్తానని తల్లి వరమిచ్చింది. పెళ్లి సంబరంలో ఇద్దరూ ఆ సంగతి మరిచిపోయారు. తల్లి మరవలేదు.

పెద్దపులినెక్కి కొండతల్లి దిగింది. పెళ్లివారు కనకను వదిలేసి దొరికిన చెట్టల్లా ఎక్కారు. అందరికన్నా పైకొమ్మ భీముడిదే.

"ఈడంటే నీకిష్టమేనేటే గుంటా?" అని అడిగింది తల్లి.

కనక ఆచారం తప్పే పిల్ల కాదు. "నాకొద్దు. ఆడి మొకం సూడను" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. పులి చెట్టుకేసి నడిచింది.

నూకరత్నం నోరు మూసుకుంటే చాలు, కనక ఎక్కడికీ పోదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. "దానికిష్టమేనమ్మా. ఆ ఏడుపు ఉత్తుత్తిదే" అంది.

తల్లి కళ్లెర్రజేసింది. "అది వొద్దని ఏడుత్తంటే ఇష్టమంటావా? నేస్తాన్నే అమ్ముకున్నావన్నమాట."

పులి ఇటు తిరిగింది. నూకరత్నం చేతిలోంచి కర్ర జారిపోయింది.

కనక ఏడుపు ఆపేసి పులికి అడ్డంగా నిలబడింది. చెట్ల మీదివాళ్లందరూ వినేలా, "నాకిష్టమే. నానే రమ్మన్నాను. నా నేస్తాన్నొగ్గీ తల్లీ" అంది.

తల్లి సంతోషించి, దీవించి వెళ్లిపోయింది. పెళ్లివారు దిగారు. భీముడి మేనమామ అప్పన్న తలపాగా దులుపుకున్నాడు.

"పిల్ల తన నోటితోనే అనేసినాది. మా గడప తొక్కనివ్వం."

భీముడు నేల చూశాడు. చూస్తూనే మామ వెనక నడిచాడు.

"ఆల ఊరెల్లి కాళ్లట్టుకుంటాను నేస్తం" అంది నూకరత్నం. ఆమెకు చచ్చిపోవాలని ఉంది.

"వొద్దులే. నీ తప్పేటుంది? కుండెత్తు" అంది కనక, ఆమె మొహం చూడకుండా.

కనక కొండ దాటి పోకూడదని నూకరత్నం లోలోపల రోజూ కోరుకున్న మాట నిజమే. ఇంత చక్కగా నెరవేరిన కోరిక ఆమెకు అంతకుముందు ఒక్కటీ లేదు.